పాత పికప్‌ని ఎత్తించే ముందు డొంక సంగతి చూడండి

పైన వీడియోలో మా పికప్ వెనక కమాన్ కట్ట విప్పి, పట్టీలు ఒక్కొక్కటి తీసి చూపించాను. పోయిన వీడియోలో ఘన జీవామృతం బస్తాలు దించుతుంటే వెనకాల బండి కనపడింది, అంతే, కింద కామెంట్లన్నీ బండి మీదే. "అన్నా, మీ బొలెరో వెనక ఎత్తించారా? మాది కూడా ఎత్తించాలి, తక్కువలో ఎంతవుద్ది?" అని కనీసం పదిమంది అడిగారు. ఘన జీవామృతం గురించి అడిగినవాళ్ళు ఇద్దరు. సరే, అడిగారు కాబట్టి చెప్తాను. వీడియోలో రెంచీ చేతిలో పెట్టుకుని అంత మాట్లాడలేకపోయాను.

మా బండి ఎత్తించలేదు. కుంగిపోయిన కమాన్లని మళ్ళీ మామూలు ఎత్తుకి తెప్పించాను. ఈ రెండూ ఒకటి కాదు. నా అభిప్రాయం సూటిగా చెప్తున్నా: పాత పికప్‌ని కంపెనీ ఇచ్చిన ఎత్తుకి తిరిగి తెచ్చుకోవడానికి ఎంత అవసరమైతే అంత ఖర్చు పెట్టండి. దాని పైన ఒక్క అంగుళం కూడా మనకి అక్కర్లేదు. ఆ మిగిలిన డబ్బు డొంకలో పోయండి, గ్రావెల్ రూపంలో.

ఎందుకో చెప్తాను. మన నకరికల్లు చుట్టుపక్కల, ఇటు చేజర్ల వైపు గానీ అటు కుంకలగుంట, చల్లగుండ్ల వైపు గానీ, నల్లరేగడి డొంకల్లో వాన పడ్డాక బండి ఎక్కడ ఆగుద్దో ఒకసారి గుర్తు చేసుకోండి. ట్రాక్టర్లు తిరిగి తిరిగి రెండు పక్కలా లోతుగా గాడులు పడతాయి. మధ్యలో మట్టి దిబ్బలా లేచి ఉంటుంది, దాని మీద గడ్డి. పికప్ చక్రాలు ఆ గాడుల్లోకి దిగుతాయి. మధ్య దిబ్బకి తగిలేది బండి బాడీ కాదు, ఛాసిస్ కూడా కాదు. వెనక ఇరుసు మధ్యలో ఉండే గుండు, అదే డిఫరెన్షియల్. అది దిబ్బ మీద కూర్చుంటే చక్రాలు గాల్లో తిరిగినట్టే తిరుగుతాయి. ట్రాక్టర్‌తో గుంజించుకోవాల్సిందే.

ఇప్పుడు ఇరుసు దేని మీద ఉంది? చక్రాల మీద. కమాన్ కట్ట ఎక్కడుంది? ఇరుసుకీ ఛాసిస్‌కీ మధ్యన. కమాన్‌ని ఎంత ఎత్తించినా, ఇరుసుకీ కమాన్‌కీ మధ్య ఎంత మందం దిమ్మ పెట్టినా, పైకి లేచేది ఛాసిస్, దాని మీదున్న బాడీ. గుండు ఉన్నచోటే ఉంటుంది. ఇనుప దిమ్మ 3 అంగుళాలది పెట్టండి, గుండుకీ నేలకీ మధ్య దూరం ఒక్క నూలు కూడా పెరగదు. అది పెరగాలంటే ఒకటే దారి, టైరు పెద్దది కావాలి. అదీ సగమే. టైరు మొత్తం ఎత్తు 1 అంగుళం పెరిగితే గుండు లేచేది అర అంగుళం. అమెరికా వాళ్ళ వీడియోలు, ఆస్ట్రేలియా వాళ్ళ వీడియోలు చూసి మనవాళ్ళు ముచ్చట పడతన్నారు. వాళ్ళు 4 అంగుళాలు, 6 అంగుళాలు ఎత్తేది చాలావరకు ఆ పెద్ద పెద్ద టైర్లు మడ్‌గార్డ్‌కి తగలకుండా పట్టడానికి. మన మెకానిక్ దగ్గర ఎత్తు ఒక్కటే చేయించుకుని, పాత టైర్లతోనే డొంకలోకి దిగితే, చూడ్డానికి బండి దర్జాగా ఉంటుంది, ఇరుక్కునే చోట మాత్రం మళ్ళీ ఇరుక్కుంటుంది.

మరి కుంగిన బండి సంగతేంటి అంటారా? అది నిజమైన సమస్యే. చాలామంది ఎత్తించాలి అనుకునేది అసలు ఎత్తు చాలక కాదు, ఉన్న ఎత్తు పోయింది కాబట్టి. సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండి అంతకుముందు ఇటుకలు మోసిందో, కంకర మోసిందో, మిర్చి టిక్కీలు రెండింతలు మోసిందో మనకి ఎవరూ చెప్పరు. మాది కొన్ననాటికే ఎడమ వైపు ఒకటిన్నర అంగుళం కుంగి ఉంది.

ముందు కొలవండి. ఇది రూపాయి ఖర్చు లేని పని, కానీ ఎవరూ చెయ్యరు. బండి ఖాళీగా ఉండాలి. నాలుగు టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి. సిమెంటు నేల మీద, సమంగా ఉన్నచోట ఆపండి. చక్రం మధ్య నుంచి నిట్టనిలువుగా పైనున్న మడ్‌గార్డ్ అంచు దాకా టేపు పెట్టి నాలుగు చక్రాల దగ్గరా రాసుకోండి. కుడి ఎడమలకి తేడా ఉంటే ఏదో ఒక పక్క కట్టలో పని ఉన్నట్టు. తర్వాత మామూలుగా మీరు వేసే బరువు వేసి మళ్ళీ కొలవండి. పట్టీలు బాగా తిరగబడి, నవ్వుతున్న మూతిలా ఉండాల్సింది ఏడుపు మూతిలా వంగితే, లేదా ఇరుసు పైకొచ్చి ఛాసిస్ కింద రబ్బరు స్టాపర్‌కి తగులుతుంటే, కమాన్లు అలసిపోయినట్టే.

తర్వాత కింద పడుకుని చూడండి. షాకిల్ బుష్‌లు అరిగి పిన్ను పక్కకి జరిగిందా, ఏదన్నా పట్టీ విరిగిందా (విరుపు తుప్పు కింద దాక్కుంటుంది, వైరు బ్రష్‌తో రుద్దితేగానీ కనపడదు), సెంటర్ బోల్టు తెగి ఇరుసు వెనక్కి జరిగిందా, యూ బోల్టులు లూజుగా ఉన్నాయా. మా దాంట్లో రెండో పట్టీ విరిగి ఉంది, బుష్‌లు పూర్తిగా పోయాయి. వీడియోలో చూశారు గదా, ఆ బుష్ చేతిలో పిండి అయిపోయింది. బుష్‌లు వందల్లో అయ్యే పని. పట్టీ మార్చడం, కట్ట మళ్ళీ వంపు తిప్పించడం వేలల్లో పడుద్ది. కానీ లిఫ్ట్ కిట్ అని చెప్పి అడిగే డబ్బులతో పోలిస్తే ఇది చాలా తక్కువ.

వంపు తిప్పించడం గురించి ఒక జాగ్రత్త. కమాన్ పని తెలిసినవాళ్ళు పట్టీని చల్లగా ఉన్నప్పుడే సుత్తితో వరసగా కొట్టి వంపు తెస్తారు. అది మంచిదే, కానీ బాగా అలసిన పట్టీ కొన్ని నెలల్లో మళ్ళీ కుంగుద్ది. కొంతమంది ఎర్రగా కాల్చి వంచి, బకెట్లో నీళ్ళల్లో ముంచుతారు. అది మాత్రం ఒప్పుకోకండి. స్ప్రింగ్ ఉక్కుని కాలిస్తే నూనెలో చల్లార్చి, మళ్ళీ తక్కువ వేడికి తెచ్చి దాని పెళుసుదనం తియ్యాలి. అదంతా లెక్క ప్రకారం చేసే కొలిమి ఉన్నచోటే జరగాలి. నీళ్ళలో ముంచిన పట్టీ గాజులాగా విరుగుద్ది, అదీ బరువు మీదున్నప్పుడే. అనుమానం ఉంటే గుంటూరు ఆటోనగర్‌కో విజయవాడ ఆటోనగర్‌కో పోయి అదే కొలత కొత్త పట్టీ తెచ్చుకోవడం మేలు. యూ బోల్టులు పాతవి మళ్ళీ బిగించకండి, ఒకసారి సాగినవి సాగినట్టే. కొత్తవి వేశాక, మొదటి లోడు దించాక మళ్ళీ ఒకసారి బిగించండి.

అదనంగా ఒక పట్టీ వేయించడం మనవాళ్ళకి బాగా ఇష్టం. ఒక అంగుళం దాకా లేస్తుంది, బరువేసినప్పుడు కుంగదు. ఖాళీగా పోయేటప్పుడు మాత్రం బండి గొడ్డలితో కొట్టినట్టు ఎగురుద్ది. అంతకంటే పెద్ద ప్రమాదం మనసులో వస్తుంది: పట్టీ పెరిగింది కదా, ఇంకో పది బస్తాలు వేద్దాం అని. పట్టీ పెరిగితే బ్రేకు పెరగలేదు, ఇరుసు పెరగలేదు, బేరింగులు పెరగలేదు. ఆర్‌సీలో రాసిన బరువూ పెరగలేదు. షాక్ అబ్జార్బర్లు మార్చితే బండి లేస్తుందని చెప్పేవాళ్ళ మాట కూడా నమ్మకండి. మామూలు షాక్ అబ్జార్బర్ బరువు మొయ్యదు, ఊపు ఆపుద్ది, అంతే.

ఇక చవకలో ఎత్తించడానికి మనదగ్గర నడిచే పద్ధతులు. వెనక ఇరుసు మీద దిమ్మ పెట్టడం, షాకిళ్ళు పొడుగువి చేయించడం, ముందు టార్షన్ బార్ ఉన్న బళ్ళకి దాని బోల్టు తిప్పి బిగించడం. టార్షన్ బార్ తిప్పితే ముందు లేస్తుంది, కానీ చక్రం కిందికి దిగే జాగా తగ్గిపోతుంది, బాల్ జాయింట్లు అడ్డదిడ్డంగా అరుగుతాయి, అలైన్‌మెంట్ పోతుంది. షాకిల్ 2 అంగుళాలు పొడుగు చేస్తే బండి లేచేది 1 అంగుళం, పక్కకి ఊగేది మాత్రం అంతకు మించి. ఇక దిమ్మ సంగతి. ముందు ఇరుసుకి దిమ్మ అనే మాటే వద్దు, స్టీరింగూ బ్రేకూ బలమంతా అక్కడే పడుద్ది. వెనకైనా సరే చెక్క దిమ్మ, దిమ్మ మీద దిమ్మ, ఇవి ప్రాణాలు తీసే పనులు. అట్లాంటిది కళ్ళారా చూశాను కాబట్టి చెప్తున్నా, టేకు చెక్క ముక్క పెట్టి యూ బోల్టులు బిగించి పంపించారు. ఎండకి చెక్క ఎండిపోయి బోల్టులు వదులైపోయాయి.

ఎవరూ చెప్పని సంగతి ఇంకోటి. చాలా పికప్‌లకి వెనక ఇరుసు నుంచి ఛాసిస్ మీదున్న చిన్న వాల్వుకి ఒక కడ్డీ ఉంటుంది. బరువెక్కువుంటే బండి కుంగుద్ది, కడ్డీ కదులుద్ది, వాల్వు వెనక బ్రేకులకి ఒత్తిడి ఎక్కువ పంపుద్ది. ఖాళీగా ఉంటే వెనక చక్రాలు పట్టేసి జారకుండా తక్కువ పంపుద్ది. మీరు వెనక దిమ్మ పెట్టి లేపారనుకోండి, టన్ను బరువున్నా ఆ వాల్వుకి బండి ఖాళీగా ఉన్నట్టే అనిపిస్తుంది. వెనక బ్రేకు సగమే పడుద్ది. అద్దంకి నార్కెట్‌పల్లి రోడ్డు మీద లారీల మధ్యన అట్లాంటి బండితో పోవడం ఎంత ప్రమాదమో మీరే ఆలోచించండి. ఎత్తించినవాళ్ళలో ఎంతమంది ఆ కడ్డీ సరిచేయించారు? నేను అడిగినవాళ్ళలో ఆ కడ్డీ ఒకటుందనే ఎవరికీ తెలీదు.

చట్టం కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకీ ఆర్‌సీలో ఉన్నదానికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ కింద, అనుమతి లేకుండా మార్చిన యజమానికి ఒక్కో మార్పుకి 5 వేల రూపాయల జరిమానా లేదా 6 నెలల వరకు జైలు. 8 ఏళ్ళు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ కావాలి. ఆ రోజు దిమ్మలు పీకి, మర్నాడు మళ్ళీ పెట్టించుకునేవాళ్ళు ఉన్నారు. ఆ తెలివికి దండం. ప్రమాదం జరిగితే బీమా వాళ్ళు పట్టుకునే మొదటి దారం కూడా అదే. కుంగిన కమాన్‌ని మామూలు ఎత్తుకి తేవడానికి మాత్రం ఏ అనుమతీ అక్కర్లేదు, అది రిపేరు.

మూడంగుళాలకే ఇంత గోలా అంటారు. ఖాళీ బండికైతే నిజంగా పెద్ద లెక్క కాదు. కానీ మన బండి ఖాళీగా ఎప్పుడు పోతోంది? జనవరి నుంచి మిరప కోతల కాలంలో పొద్దున పూట ఏ ఊరి డొంకలోనైనా చూడండి, పికప్‌ల వెనక పది, పదిహేనుమంది ఆడవాళ్ళు నిలబడి పోతుంటారు. 2025 ఫిబ్రవరిలో ముప్పాళ్ళ మండలం బొల్లవరం దగ్గర మిరప కోతకి పోయి వస్తున్న కూలీల ట్రాక్టరు బోల్తా పడి నలుగురు ఆడవాళ్ళు చనిపోయారు. అది పికప్ కాదు, ఎత్తించిన బండీ కాదు. మామూలు ట్రాక్టరే. మామూలు బండికే అట్లా జరిగినప్పుడు, ఊగే షాకిళ్ళ మీద, దిమ్మల మీద లేపిన దాంట్లో మనుషుల్ని నిలబెట్టడానికి మనకి మనసెట్లా వస్తుంది? మనుషుల్ని సరుకు బండిలో ఎక్కించకూడదు అన్నది అసలు మాట. ఆ మాట ఈ జిల్లాలో ఎవరూ వినరు, కాబట్టి కనీసం ఆ బండిని ఇంకా పైకి లేపకండి అంటున్నా.

మన ప్రకృతి సేద్యం వాళ్ళకి ఇంకో చిక్కు ఉంది, అది డ్రమ్ముల్లో ఉంది. 200 లీటర్ల జీవామృతం డ్రమ్ము అంటే 200 కిలోల పైన. ఐదు ఎకరాలకి ఐదు డ్రమ్ములు, టన్ను దాటింది. బస్తా అయితే వేసినచోట ఉంటుంది. సగం నిండిన డ్రమ్ములో నీళ్ళు ఉండవు, బండి ఎడమకి ఒరిగితే అవి కూడా ఎడమకే పరిగెత్తుతాయి. సరిగ్గా అప్పుడే పక్క చక్రం గాడిలోకి దిగుద్ది.

అందుకే నేను అడిగేది, అసలు నీళ్ళెందుకు మోస్తున్నాం? లెక్క వేద్దాం. ఎకరానికి 10 కిలోల నాటు ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి. మూత్రం 10 లీటర్లే వేసుకున్నా మొత్తం 25 కిలోలు. ఐదు ఎకరాలకి 125 కిలోలు. మిగిలిందంతా నీళ్ళే. పొలంలో బోరుంటేనో, సాగర్ కుడి కాలవ పిల్లకాలవ పారుతుంటేనో, డ్రమ్ములు చేలోనే చెట్టు నీడన పెట్టుకుని అక్కడే కలుపుకోండి. 125 కిలోలకి పికప్ కూడా అక్కర్లేదు, మోటార్ సైకిల్ రెండు తిప్పలు వేస్తే అయిపోద్ది. ఘన జీవామృతం ఎకరానికి 200 కిలోలు పడుద్ది, అది తప్పదు, కానీ అది ఎండిన సరుకు. మే నెలలో, వానకి ముందు నవధాన్యాలు చల్లేటప్పుడే చేర్చి గోనె పట్టా కప్పి నీడలో పెట్టుకోవచ్చు. అప్పుడు డొంక సిమెంటు రోడ్డులా ఉంటుంది. ఇట్లా చేస్తే ఆగస్టు, సెప్టెంబరు బురదలో బరువు బండి డొంకలోకి దిగే పనే సగానికి సగం తగ్గుద్ది. మా గుంపులో ఎనిమిది మందికి ఒకే పికప్. నీళ్ళు మొయ్యడం మానేశాక వానాకాలంలో అది ఎక్కువ రోజులు ఇంటి ముందే ఉంటోంది.

మిగిలేది పంట బయటికి తెచ్చేటప్పుడు. కూరగాయలు నరసరావుపేటకి పోవాలి, మిర్చి గుంటూరు యార్డుకి పోవాలి. దానికి దారి కావాలి, అందులో వాదన లేదు. నా మాట ఏంటంటే, ఒక బండి ఎత్తించిన డబ్బు ఒక బండికే పనికొస్తుంది. అదే డబ్బు డొంకలో పోస్తే దాని మీద పోయే ఎడ్లబండి, ఆటో, స్కూలుకి పోయే పిల్లల సైకిలు, అన్నిటికీ పనికొస్తుంది. అందరూ ఒక్కసారే మొత్తం డొంక వెయ్యక్కర్లేదు. ఇరుక్కునేది ఎక్కడ? మా డొంకలో చూస్తే మూడే మూడు చోట్ల. మూడు చోట్లా నీళ్ళు నిలిచే చోటులే. ముందు ఆ నీటిని పక్క కాలవలోకి వదలాలి. మధ్య దిబ్బని ట్రాక్టర్ బ్లేడుతో చెక్కి ఆ మట్టిని అవతల పారెయ్యాలి, గాడుల్లో పొయ్యకూడదు, నల్లమట్టి మళ్ళీ బురదే అవుద్ది. గాడుల్లో పెద్ద రాయి, దాని మీద గ్రావెల్, మధ్యలో కాస్త ఎత్తు, రెండు పక్కలకీ వాలు. మన వైపు రాయికీ గ్రావెల్‌కీ కరువు లేదు గదా.

"బండి నా చేతిలో ఉంది, డొంక నా చేతిలో ఉందా?" అని మా బాబాయి ఒకాయన అడిగాడు. ఆయన మాటలో నిజముంది. ట్రాక్టర్ ఉన్నోళ్ళకి డొంక ఎట్లా ఉన్నా ఒకటే, వాళ్ళు పైసా ఇవ్వరు. ఇంకో నిజం కూడా ఉంది, అది ఎవరూ పైకి అనరు. డొంక ఇంత ఇరుకెందుకైంది? రెండు పక్కల చేలవాళ్ళు ఏటా ఒక్కో చాలు లోపలికి దున్నుకుంటూ వచ్చారు. పక్క కాలవ పూడిపోయింది, నీళ్ళకి పోయే దారి లేక డొంకలోనే నిలబడతన్నాయి. డొంక ప్రభుత్వ పోరంబోకు, గ్రామ పటంలో దాని వెడల్పు ఉంటుంది. సర్వేయర్ని పిలిపించి రాళ్ళు వేయించమంటే ఊళ్ళో మొహమాటం. ఆ మొహమాటానికి ఖరీదు ప్రతి సంవత్సరం కమాన్లకీ, క్లచ్ ప్లేట్లకీ, ట్రాక్టర్ గుంజుడికీ కడుతున్నాం. ఉపాధి హామీ కింద డొంక దారులు వేసుకున్న ఊళ్ళు మన జిల్లాలోనే ఉన్నాయి. గ్రామసభలో పది మంది రైతులు కలిసి కాగితం పెడితే ఒక మాట, ఒక్కరు పెడితే ఇంకో మాట.

ఇప్పటికే ఎత్తించేసినవాళ్ళకి నాలుగు ముక్కలు. దిమ్మ చెక్కదైతే ఈ రోజే తీసెయ్యండి. ఇనుపదైతే యూ బోల్టుల బిగువు, బ్రేకు పైపు చక్రం పూర్తిగా దిగినప్పుడు లాగుతోందా, ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు టకటకమంటున్నాయా చూడండి. వెనక ఇరుసు మీద ఆ వాల్వు కడ్డీ ఉంటే మంచి మెకానిక్‌తో సరిచేయించండి. హెడ్‌లైట్లు కూడా కిందికి దించుకోండి, ఎదురొచ్చేవాడి కళ్ళల్లో పడతన్నాయి. డ్రమ్ములు తప్పక మొయ్యాల్సి వస్తే నిండా నింపి మూత బిగించండి, లేకపోతే ఖాళీవి తీసుకుపోండి, సగం సగం వద్దు. క్యాబిన్‌కి ఆనించి, తాడుతో కాకుండా బెల్టుతో కట్టండి.

మా డొంకలో మొదటి చోట పని వచ్చే వారం మొదలు పెడతన్నాం. ఎనిమిది మందిలో ఐదుగురు డబ్బులిచ్చారు, ఇద్దరు మనుషుల్ని ఇస్తామన్నారు, ఒకాయన ఇంకా ఆలోచిస్తన్నాడు. బ్లేడు పని వీడియో తీసి పెడతాను. మీ దగ్గర డొంక ఎంత వెడల్పు మిగిలిందో టేపు పెట్టి కొలిచి కింద రాయండి.